కరక్కాయ కాలు

శోభనాద్రి గొడవపడగా వీరమ్మ చూసింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారీ గెలిచాడు.

పెడనలో హరిబాబు గారి కలంకారీ షెడ్డులో జరిగిందది. దుప్పట్లు కొనుక్కుపోవడానికి బెజవాడ నుంచి వచ్చిన సుందరరాజు అనే ఏజెంటు ఒక దుప్పటి ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. చూసి తడినేల మీద పడేశాడు.

"పువ్వుకీ పువ్వుకీ మధ్య వెంట్రుకంత సందు కనిపిస్తోంది. మీవాడు తాగొచ్చి కొట్టాడా హరిబాబు గారూ? నలభై దుప్పట్లూ ఇంతే అయితే నాకొక్కటీ వద్దు."

అచ్చు వేసే బల్ల దగ్గర్నుంచి శోభనాద్రి వచ్చాడు. ముందు దుప్పటి తీశాడు, మట్టి దులిపాడు, దండెం మీద వేశాడు. తర్వాత ఆ పువ్వు అచ్చుని పట్టుకొచ్చి అరుగు బండ మీద బోర్లించాడు.

"ఈ అచ్చు ఎవరు తెచ్చారండీ?"

"నేనే తెచ్చాను. కొత్త డిజైను."

"నూనెలో ఎన్నాళ్ళు నానబెట్టారండీ?"

"నూనేంటి?" అన్నాడు సుందరరాజు.

శోభనాద్రి చిటికెన వేలితో అచ్చు ఒక మూల నొక్కాడు. ఎదటి మూల లేచింది. వదిలాడు, పడింది. మళ్ళీ నొక్కాడు. టక్కు, టక్కు.

"పచ్చి టేకండీ. రంగునీళ్ళు తాగి వంగింది. తప్పు చేతిదో చెక్కదో మీరే చెప్పండి."

సుందరరాజు మొహం చూడాలి అప్పుడు! "సరే, సరే, లోడెత్తించండి" అని బయటికి నడవబోయాడు. శోభనాద్రి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇందాక పడేసింది మీరే మడతపెట్టి ఇవ్వాలండీ."

గొంతు పెంచలేదు. కదల్లేదు. ఆ పెద్దమనిషికి దుప్పటి మడతపెట్టడం పుట్టి బుద్ధెరిగి తెలియదు. నాలుగుసార్లు పెట్టాడు, నాలుగుసార్లూ వంకరే వచ్చింది. ఐదోసారికి కుదిరింది. రాగి కాగు దగ్గర గుడ్డలు ఉడకేస్తున్న వీరమ్మ కర్ర కాగులోనే వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ముప్ఫై ఏళ్ళుగా కాలవలో గుడ్డలు జాడించి నడుము పడిపోయిన మనిషికి అలాంటి పూట ఎన్నిసార్లు వస్తుంది?

అలాంటివాడు శోభనాద్రి. తండ్రిది గుంటమగ్గం. మగ్గం కూడు పెట్టడం మానేశాక పదిహేనేళ్ళకే అచ్చు పట్టాడు. బంటుమిల్లి దగ్గర పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల ఆరు నెలలు ఉంది, వెళ్ళింది, తిరిగి రాలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "ఆవిడ మంచిదేనండీ" అనేవాడు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. షెడ్డు వెనకాల గోడకి ఆనించి వేసిన వసారాలో ఒక్కడే ఉండేవాడు. ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. ఉప్పు అయిపోతే ఉప్పు లేకుండానే తినే రకం. వీరమ్మకి అదే మంట. "నోరుండి అడగనివాడు మనిషేనా?" అని మొహం మీదే అనేది. నవ్వి ఊరుకునేవాడు.

రెండువేల మూడులో అతని ఇంటికి ఒక జీవం వచ్చింది. చెల్లెలి మొగుడు బాబూరావు గుడివాడలో ఒక మందుల కాలేజీలో అటెండరు. పిల్లలు పరీక్షల్లో ప్రయోగాలు చేయడానికి అక్కడ గినీపిగ్గుల్ని పెంచుతారు. ప్రయోగాలయ్యాక మిగిలిన ఒకదాన్ని తాటాకు బుట్టలో పెట్టి తెచ్చాడు.

"చంపేసే లిస్టులో ఉంది బావా. చూస్తూ చూస్తూ చేతులు రాలేదు" అన్నాడు.

మూరెడు కూడా లేదు. తోక లేదు. పసుపూ గోధుమా కలిసిన బొచ్చు. కరక్కాయ నీళ్ళలో ముంచి తీసిన గుడ్డ రంగని దానికి కరక్కాయ అని పేరు పెట్టాడు శోభనాద్రి. వీరమ్మ మాత్రం పందికొక్కు అంది.

"ఊళ్ళో వాళ్ళంతా పందికొక్కుల్ని చంపడానికి మందు పెడుతుంటే నువ్వు గడ్డి పెట్టి మేపుతున్నావట్రా? రేపు ఎలకలకి కూడా చాప వేస్తావా?"

"ఇది పందికొక్కు కాదు పిన్నీ. పిలిస్తే పలుకుతుంది చూడు."

"కరక్కాయా" అనేవాడు. అది ఈలవేసినట్టు కీచుమనేది. ఆ అరుపుకి అతని మొహం వెలిగిపోయేది. నలభై అయిదేళ్ళ మనిషి, మీసం నెరుస్తున్నవాడు! వీరమ్మకి కోపం వచ్చేది. మనుషులంటే అక్కర్లేనివాడికి ఈ ముద్దేమిటని.

అచ్చు వేసేవాడి చూపు ఎక్కడుంటుందో తెలియనివాళ్ళకి జరిగింది అర్థం కాదు. కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ బల్లకి ఒక పక్కన మడతలుగా పడి ఉంటుంది. బల్ల నిడివి అద్దగానే ఆ గుడ్డ లాగి మళ్ళీ పరుస్తారు. అద్దేవాడు పరిచిన గుడ్డని చూడడు. ఇందాక వేసిన పువ్వు అంచు ఎక్కడుందో అదే చూస్తాడు. అచ్చు మూల ఆ అంచుకి ఆనించి, పిడికిలి అడుగుతో మీద ఒక్క గుద్దు గుద్దుతాడు. చూపు అంచు వదిలిందంటే అతుకు కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళు అతుకు కనపడకుండా వేసినవాడు శోభనాద్రి.

ఆ గుడ్డకి పాలవాసన. బుట్టలోంచి బయటికొచ్చిన కరక్కాయ మడతల్లో దూరి పడుకుంది. గుడ్డతో పాటు బల్ల మీదికి వచ్చింది. చూపు అంచు మీదుంది. పిడికిలి పడింది.

బయట కాగు దగ్గరున్న వీరమ్మకి కూడా వినిపించింది ఆ అరుపు. పరుగున వచ్చేసరికి దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని బల్లకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెనక కాలు పక్కకి వేలాడుతోంది. దుప్పటి మీద సగం పువ్వు పడి ఉంది.

"గుద్దాను పిన్నీ" అన్నాడు. అంతే. మళ్ళీ అదే అన్నాడు.

చేతికి తెగినా కాలికి తెగినా అద్దకంవాళ్ళు చేసేదే చేశాడు. పటికనీళ్ళతో కడిగి, కరక్కాయ గుడ్డ పేలిక చుట్టాడు. చుట్టి, బుట్టలో పెట్టుకుని, దగ్గర్లో ఉన్న పశువుల ఆస్పత్రికి బయల్దేరాడు. వీరమ్మ కూడా వెళ్ళింది. జాలిపడి కాదు. పందికొక్కుని బుట్టలో పెట్టుకుని రోడ్డు మీద ఒక్కడూ నడిస్తే పిచ్చెక్కిందంటారని.

ఆస్పత్రిలో కాంపౌండరు బుట్ట మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశాడు.

"దీన్ని ఏ గడిలో రాయమంటావు? ఆవు, గేదె, మేక, గొర్రె, కోడి. ఇంతే ఉన్నాయి రిజిస్టర్లో."

"ఏదో ఒకటి రాసుకోండి బాబూ. డాక్టరు గారు ఒక్కసారి చూస్తే..."

"కోడని రాయనా? గుడ్డు పెడుతుందా?" అని కుర్చీలోంచి పడేంత నవ్వాడు. లోపలున్న డాక్టరు గారు ఆ నవ్వు విని వచ్చారు. ఆయన నవ్వలేదు. అదీ ఒకందుకు నయమే. "గేదె కడుపులో చెయ్యి పెట్టమంటే పెడతాను. దీనికి సూది ఎంతెయ్యాలో కూడా నాకు తెలియదు. బందరు తీసుకెళ్ళండి. అక్కడ కుక్కల డాక్టరున్నాడు" అన్నారు.

"చదువుకున్నది గేదెకొక్కదానికేనా?" అని వీరమ్మ గొణిగింది, అందరికీ వినపడేట్టు. శోభనాద్రి మాత్రం దణ్ణం పెట్టి బయటికొచ్చాడు.

బందరులో ఆ ఆస్పత్రికి అద్దాల తలుపు. లోపల ఫ్యాను గాలికి నేల మీద కూర్చుని గంట సేపు. కుర్చీలు ఉన్నాయి, కుక్కలవాళ్ళు కూర్చున్నారు. బుట్టలోంచి చప్పుడు లేదు. వీరమ్మ వచ్చేటప్పుడు గట్టు మీద తెంపి కొంగున కట్టుకున్న గరిక దాని మూతి దగ్గర పెట్టింది. ముట్టలేదు. అది గడ్డి చూసి మొహం తిప్పుకోవడం వీరమ్మ ఇంతకుముందు చూళ్ళేదు.

డాక్టరు కుర్రవాడు. చేతికి తొడుగు వేసుకుని, బుట్టలోకి తొంగి చూసి, తొడుగు తీసేశాడు.

"ఇలాంటివాటికి వేరే స్పెషలిస్టులుంటారండీ. హైదరాబాదు వెళ్ళాలి. ఎక్స్‌రే, మత్తు, ఆపరేషను, అన్నీ కలిసి నాలుగైదు వేలు పైనే. నా మాట విని దీన్ని వదిలేయండి. నూటయాభైకి జత వస్తుంది, కొత్తవి తెచ్చుకోండి."

బల్ల దగ్గరమ్మాయి యాభై రూపాయలు అంది. శోభనాద్రి జేబులో చెయ్యి పెట్టాడు.

ఇక వీరమ్మ ఊరుకోలేదు.

"ఏం నాయనా, చెయ్యి పెట్టి చూడకుండా చూసినందుకు యాభయ్యా? నేల మీద కూర్చోబెట్టినందుకా? అదిగో, ఆవిడ ఒళ్ళో తెల్ల కుక్క ఉందే, దాని కాలు విరిగితే ఆవిడకీ ఇదే చెప్తావా, కొత్తది కొనుక్కోమని?"

"మధ్యలో మా టామీ ఏం చేసిందండీ?" అంది కుక్కావిడ.

"టామీ ఏం చెయ్యలేదు తల్లీ. టామీకి కుర్చీ ఉంది, మాకు లేదు. అదే అడుగుతున్నాను."

డాక్టరు మొహం ఎర్రబడింది. యాభై వద్దన్నాడు. వీరమ్మ బల్ల మీద పెట్టించే వచ్చింది. తను తిట్టిన మాటలు ఉట్టినే పడలేదని వాడికి తెలియాలిగా.

బయటికొచ్చాక ఆ మంటంతా శోభనాద్రి మీదికి తిప్పింది.

"సుందరరాజు చేత దుప్పటి మడతపెట్టించిన నోరేమైందిరా? అక్కడ అడ్డం నిలబడ్డవాడివి ఇక్కడ మేకలా నిలబడ్డావేం?"

అతను బుట్ట వంకే చూస్తున్నాడు.

"అక్కడ తప్పు నాది కాదు పిన్నీ."

వీరమ్మ నోరు మూసుకుంది. ఆమె జన్మలో అలా జరిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

టెలిఫోను బూత్ నుంచి గుడివాడకి చేశారు. బాబూరావు అవతలినుంచి నసిగాడు. "మా కాలేజీలో వీటిని కొయ్యడం నేర్పుతారు బావా, బాగుచెయ్యడం ఎవరికీ రాదు." తర్వాత దైవాధీనం గారని ఒక ముసలి పశువుల డాక్టరున్నాడని చెప్పాడు. టీకాలు తయారుచేసే ప్రభుత్వం లేబొరేటరీలో ముప్ఫై ఏళ్ళు ఈ గినీపిగ్గులతోనే పనిచేశాడట. రిటైరై గుడివాడలో ఉంటున్నాడు. ఎవరినీ చూడడు. "వచ్చి చూడండి, మీ అదృష్టం" అన్నాడు.

గుడివాడ ప్యాసింజరెక్కారు. వచ్చిన దారినే మళ్ళీ పెడన మీదుగా పోవాలి. కౌతవరం దాటేదాకా ఎదటి సీట్లో పెద్దాయన బుట్టలో ఏముందని అడుగుతూనే ఉన్నాడు. "చీరలు" అంది వీరమ్మ. బుట్ట ఒకసారి సన్నగా మూలిగింది. "పట్టువి" అంది.

దైవాధీనం గారు లుంగీ కట్టుకుని, బొత్తాలు లేని చొక్కాతో తలుపు తీశాడు. భార్య వెనకనుంచి "ఎవరినీ చూడరని చెప్పండి" అని అరిచింది. ఆయన బుట్ట మూత ఎత్తాడు. ఎత్తినవాడు మళ్ళీ మూయలేదు. లోపలికి తీసుకెళ్ళి చాప మీద పెట్టుకుని కూర్చున్నాడు.

కాలు చూడలేదాయన. ముందు మూతి తెరిచి పళ్ళు చూశాడు. పొట్ట కింద రెండు వేళ్ళు పెట్టి నొక్కాడు. బుట్టలో గడ్డి ఎత్తి అడుగు చూశాడు.

"పొద్దున్నుంచీ పెంటికలు వేసిందా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"ఏమైనా తిందా?"

"పొద్దున ఎనిమిదింటికి దెబ్బ తగిలిందండీ. తర్వాత గరిక పెడితే ముట్టలేదు" అంది వీరమ్మ.

"అంటే పొద్దున ఎనిమిదికి దెబ్బ తగిలితే నాలుగయిందిప్పుడు. ఎనిమిది గంటలు ఏమీ తినలేదు. ఎంతమందికి చూపించారు?"

"ఇద్దరికండీ."

"ఒక్కడూ అడగలేదా, తిందా అని?"

"లేదండీ."

ఆయన కళ్ళజోడు తీసి గట్టిగా తుడిచాడు. ఆ తుడవడంలోనే కోపం తెలిసింది.

"కాలు విరిగితే ఇది చావదు. తిండి ఆగితే చస్తుంది. దీని పేగులు ఎప్పుడూ కదులుతుండాలి. ఒక పగలూ రాత్రీ ఆగాయంటే ఇక కదలవు. ఎవడైనా పెన్సిలిన్ పొడిచాడా?"

"లేదండీ. ఎవరూ ముట్టుకోలేదు."

"బతికిపోయింది. అది పడితే ఈపాటికి పోయేది. వాళ్ళు ముట్టుకోకపోవడమే దీనికి జరిగిన మేలు." తర్వాత కాలికున్న పేలిక చూశాడు. అంచులు కొరికి ఉన్నాయి. "పటికా? కరక్కాయా? ఎవరి తెలివి ఇది? నోరు పిడచగట్టే సరుకు దీని మూతికి అందేట్టు కడతారా?"

"నేనేనండీ" అన్నాడు శోభనాద్రి. "దెబ్బ కూడా నేనేనండీ."

"ఎలా?"

పిడికిలి చూపించాడు. దైవాధీనం గారు ఆ పిడికిలి చూశాడు. కొబ్బరి ఈనెలు రెండు తెప్పించి, దూది చుట్టి, కాలికి అటూ ఇటూ పెట్టి కట్టాడు. డెబ్భై దాటినవాడు, చెయ్యి చూస్తే పాతికేళ్ళవాడిది. కరక్కాయ ఒక్కసారి కూడా అరవలేదు. దాన్ని ఎక్కడ పట్టుకుంటే కదలదో ఆయనకి తెలుసు.

"ఇంత బాగా పట్టుకోవడం ఎలా వచ్చిందండీ?" అంది వీరమ్మ.

"సూదులు పొడిచి." కట్టు ముడివేస్తూ అన్నాడు. "చచ్చిందాకా పొడిచేవాళ్ళం."

"ఎన్నింటినండీ?"

"లెక్కపెట్టే ఉద్యోగం నాది కాదు."

వీరమ్మకి ఆయన మీదా కోపం వచ్చింది. ఇన్ని జిల్లాల్లో దీన్ని బతికించడం తెలిసినవాడు ఒక్కడుంటే, ఆ ఒక్కడూ చంపి నేర్చుకున్నవాడా? ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. ఆయన ఇరవై రూపాయలు తీసుకున్నాడు. సూది లేని సిరంజి ఒకటి ఇచ్చి, దానికి రెండు రూపాయలు వేరే తీసుకున్నాడు.

"గరిక రుబ్బి, జామపండు పిసికి, నీళ్ళు కలిపి రెండేసి గంటలకి దవడ పక్కనుంచి పట్టాలి. కాస్త కాస్త. ఉసిరికాయ దొరికితే రసం రెండు చుక్కలు. పెంటిక వేసిందంటే గండం గడిచినట్టు. అప్పటిదాకా కాలు గురించి నాకు చెప్పకండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బెదిరితే తినదు. తినకపోతే బతకదు."

ఇంటికి తెచ్చి రెండు రోజులు అలాగే పట్టారు. శోభనాద్రి పనిలోకి పోలేదు. అతను పట్టుకుంటే వీరమ్మ పోసింది. మొదటిరోజు సగం బయటికే వచ్చేసింది. "మింగవే పందికొక్కా, నీకోసం రెండూళ్ళు తిరిగి తిట్లు తిట్టొచ్చాను, మింగు" అని కసురుతూ పోసింది. మూడోరోజు మధ్యాన్నం బుట్ట దులిపితే మినపగింజలంత నల్లవి నాలుగు రాలాయి.

"ఒరే శోభనాద్రీ! వేసిందిరా!" అని వీధి వీధంతా వినపడేట్టు అరిచింది వీరమ్మ. చేపలమ్మే ఆవిడ ఆగి ఏం వేసిందని అడిగితే, చెప్పింది కూడా.

నాలుగోరోజు శోభనాద్రి పనిలోకి వెళ్ళాడు. బుట్ట వసారాలోనే ఉంది. పొద్దున్నే జామ ముక్క తనంతట తానే కొరికిన కరక్కాయ, షెడ్డులో ఉన్న ఒక్క బల్ల మీద మొదటి అచ్చు చప్పుడు గోడ మీదుగా వినపడగానే నవలడం ఆపేసింది. మూలకి దూరి బిగుసుకుపోయింది. సాయంత్రం బల్ల ఆగేదాకా గడ్డిపోచ ముట్టలేదు.

మర్నాడూ అంతే. బుట్ట చుట్టూ గోనెపట్టాలు కప్పాడు. లాభం లేదు. మెల్లిగా గుద్ది చూశాడు, పువ్వులు వెలవెలబోయి పడ్డాయి. హరిబాబు గారు చూసి వచ్చి పక్కన నిలబడిపోయారు. కరక్కాయ పొట్ట మళ్ళీ గట్టిపడుతోంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. అతను సిరంజి పట్టుకుని దగ్గరికి వెళితే, కరక్కాయ ఆ చెయ్యి చూసి కూడా బిగుసుకుంటోంది. పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదు.

ఆరోరోజు పొద్దెక్కే వేళకి వీరమ్మ కాలవలో మోకాలిలోతు నీళ్ళలో దుప్పటి జాడిస్తోంది. ఆమె ఇల్లు ఆ గట్టునే, షెడ్లన్నిటికీ అవతల. అక్కడ వినపడేది నీళ్ళ చప్పుడే. శోభనాద్రి చంకన బుట్ట, చేతిలో చిన్న రోలూ, చొక్కా జేబులో సిరంజీ పెట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏంట్రా, కాపురం ఎత్తేశావా?"

అతను బుట్ట ఆమె గుమ్మంలో నీడపట్టున దింపాడు. రోలు దించాడు. సిరంజి తీసి రోట్లో పెట్టాడు. పెట్టి, దిగి కాలవ అంచుదాకా వచ్చాడు. గరికపోచ ఒకటి తెంపి వేలికి చుట్టడం, విప్పడం మొదలుపెట్టాడు.

"అడుగు. అడిగితే నోరేం అరిగిపోదు" అంది వీరమ్మ. దుప్పటి పిండుతున్న చేతులు ఆగిపోయాయి.

"దీన్ని నీ దగ్గర ఉంచుకో పిన్నీ. నాలుగు రోజులకి కాదు, ఎప్పటికీ. గడ్డి నేను కోసుకొచ్చి గట్టు మీద పెట్టి పోతాను, జామకాయలు కూడా." గుమ్మం వైపు చూశాడు. "సాయంత్రాలు ఒకసారి చూడ్డానికి వస్తాను. నన్ను చూసి అది తింటూనే ఉందనుకో, కూర్చోనీ. నన్ను చూసి నవలడం ఆపేస్తే మాత్రం మొహమాటపడకు. నన్ను గుమ్మంలోనే ఆపేసి, పొమ్మని తిట్టు."